కోడిపిల్లకు తిరిగొచ్చే వినికిడి మనకెందుకు రాదు?

హౌరాలో చెన్నై మెయిల్ ఎక్కితే సుమారు రెండు గంటల్లో ఖరగ్‌పూర్ వస్తుంది. 1072.5 మీటర్ల పొడవున్న అక్కడి ప్లాట్‌ఫారం 2013 దాకా ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. స్టేషను దాటి ఊళ్లోకి నడిస్తే బెంగాలీ, హిందీలతో పాటు తెలుగు కూడా చెవిన పడుతుంది. ఆ ఊళ్లో ఒక పేట పేరు తాల్‌బగీచా. బెంగాలీలో 'తాల్' అంటే తాటి, 'బగీచా' అంటే తోట. మన మాటలో చెప్పాలంటే తాటితోపు.

అంత దూరం మనవాళ్లు ఎందుకు వెళ్లారు? రైలు కోసం. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే, 1902లో తూర్పు కోస్తా రైలుమార్గపు ఉత్తర భాగాన్ని తన అజమాయిషీలోకి తెచ్చుకుంది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలూ ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా ఒకే సంస్థ పట్టాల మీదికి వచ్చాయి. చేతిలో పని ఉన్నవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు రైలెక్కి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1927లో ఉద్యోగాల కోత మీద ఆ కార్ఖానా కార్మికులు సాగించిన పోరాటంలో వారి పక్షాన నిలిచిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు.

దీనికీ చెవికీ ఏమిటి సంబంధం అంటారా? ఆవిరి ఇంజను బాయిలరును ఒకసారి ఊహించుకోండి. మందపాటి ఉక్కు రేకులను గుండ్రంగా వంచి, అంచుల వెంబడి వందలాది రివెట్లు కొట్టి బిగిస్తారు. ఎర్రగా కాలిన రివెట్టును రంధ్రంలో పెట్టి బయటినుంచి ఒకరు సమ్మెటతో బాదుతుంటే, లోపలివైపు మరొకరు అది కదలకుండా అదిమిపట్టుకోవాలి. ఆ లోపలి మనిషి సంగతి ఆలోచించండి. పెద్ద గంటలో కూర్చోబెట్టి, బయటినుంచి రోజంతా గంట కొడుతున్నట్టే కదా!

ఈ వృత్తి చెవులను ఏం చేస్తుందో మొట్టమొదట లెక్కగట్టి చూసినవాడు థామస్ బార్ అనే స్కాట్లండు వైద్యుడు. గ్లాస్గో నగరంలో 1886లో ఆయన వందమంది బాయిలరు కార్మికులను, వందమంది ఇనుము పోతపోసే కార్మికులను, వందమంది తపాలా బంట్రోతులను తీసుకుని వారి వినికిడిని పోల్చాడు. పరికరం ఏమిటనుకున్నారు? జేబుగడియారం. దాని టిక్‌టిక్ శబ్దం ఎంత దూరం దాకా వినిపిస్తుందో కొలిచాడు. బాయిలరు కార్మికులు వందమందిలో మామూలు వినికిడి ఉన్నవాడు ఒక్కడు కూడా తేలలేదు. అంతకు ముందే, 18వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీ వైద్యుడు రామజ్జిని, వెనిస్‌లో రోజంతా రాగిరేకులు సాగగొట్టే కంచరివాళ్లకు చెవుడు రావడం గురించి రాశాడు. కంచరి వీధి పక్కన పుట్టి పెరిగినవారికి ఇదేమీ కొత్త సంగతి కాదు. కాని బార్ చేసినట్టు పక్కన తపాలా బంట్రోతులను కూడా నిలబెట్టి పోల్చడమే శాస్త్రం.

మీ ఇంట్లో కార్ఖానాలోనో, మరలోనో, మిల్లులోనో జీవితమంతా పనిచేసిన తాతగారుంటే ఒక విచిత్రం మీరు గమనించే ఉంటారు. మామూలుగా మాట్లాడితే 'ఏమిటీ?' అంటారు. సరే కదా అని గొంతు పెంచితే 'ఎందుకలా అరుస్తావు? నాకేం చెవుడా?' అని కోప్పడతారు. ఇది చాదస్తం కాదు, చెవిలో జరిగిన నష్టపు లక్షణం. మెల్లని శబ్దాలు అసలు అందవు, పెద్ద శబ్దాలు మాత్రం ఎప్పటిలాగే, ఒక్కోసారి ఎప్పటికన్నా కటువుగా తగులుతాయి. ఈ రెంటికీ మధ్య ఉండవలసిన విశాలమైన మెట్లవరస కూలిపోయింది. ఇంకో విషయం. మోత వల్ల వచ్చే చెవుడు మొదట 4000 హెర్ట్‌జ్ పౌనఃపున్యం దరిదాపుల్లో దెబ్బతీస్తుంది. మాటల్లోని స, శ, ఫ వంటి హల్లుల గుర్తింపు చాలావరకు ఎక్కువ పౌనఃపున్యాల మీదే ఆధారపడి ఉంటుంది. అచ్చులది తక్కువ పౌనఃపున్యం. మన తెలుగు అజంత భాష, చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందువల్ల తాతగారికి మనం మాట్లాడుతున్నామని వినిపిస్తుంది, ఏమంటున్నామో మాత్రం తెలియదు.

ఇప్పుడు లోపలికి వెళదాం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్లు తిరిగిన చిన్న ఎముక గూడు ఉంటుంది. దాన్ని కర్ణావర్తం అంటారు. కాక్లియా అనే లాటిన్ మాటకు అర్థమే నత్తగుల్ల. 1851లో ఇటలీకి చెందిన అల్ఫోన్సో కోర్టి దాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, లోపల ఒక సన్నని పొర మీద బారులు తీరిన కణాలను వర్ణించాడు. వాటి తలల మీద నూగులాంటి పోగులు ఉండటంతో రోమకణాలని పేరొచ్చింది. పేరు చూసి మోసపోకండి, వాటికీ వెంట్రుకలకూ సంబంధం లేదు. ఒక్కో చెవిలో ఇవి సుమారు పదిహేను వేలు. అందులో మూడున్నర వేలు లోపలి వరుసలోవి. శబ్దాన్ని నాడికి అందించే అసలు పని వాటిది. మిగతా పన్నెండు వేలు బయటి వరుసలవి. శబ్దం అందగానే అవి తామే సాగుతూ ముడుచుకుంటూ మెల్లని శబ్దాలను పెంచి లోపలివాటికి అందిస్తాయి. తాతగారి చెవిలో ముందుగా పోయేవి ఈ బయటి వరుసలే. ఆయన కోపానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా!

ఒక్క కంటిలో కాంతిని పట్టే కణాలు పది కోట్లకు పైగా ఉంటే, చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు పదిహేను వేలు మాత్రమే అంటే ప్రకృతి ఇక్కడ ఎంత పిసినారితనం చూపిందో గ్రహించండి. పైగా ఈ కణాలన్నీ మనం తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. ఆ తర్వాత కొత్తది ఒక్కటి కూడా పుట్టదు. చర్మం గీరుకుపోతే మళ్లీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, రోమకణం పోతే పోయినట్టే. చెవుల శాస్త్రంలో చాలాకాలం ఇది తిరుగులేని సూత్రం. అది అన్ని ప్రాణులకూ వర్తిస్తుందనే అనుకున్నారు.

పోయిన కణాలను తప్పించి నేరుగా నాడినే కదిలిస్తే? ఈ ఆలోచనకు మూలపురుషుడు, బ్యాటరీని కనిపెట్టిన వోల్టా. 1800లో ఆయన తన బ్యాటరీ తీగల కొసలను రెండు చెవుల్లో పెట్టుకుని విద్యుత్తు పంపించుకున్నాడు. తలలో పెద్ద అదురు, ఆ తర్వాత చిక్కని ద్రవమేదో కుతకుతా ఉడుకుతున్నట్టు చప్పుడు. బెల్లం పాకం అనుకోండి. మళ్లీ ఆ ప్రయోగం చేయడానికి ఆయన ఇష్టపడలేదు. మీరూ చేయకండి. 1957లో పారిస్‌లో జూర్నో, ఎయిరీ అనే ఇద్దరు ఒక రోగి శ్రవణనాడి దగ్గర తీగను అమర్చి విద్యుత్తు పంపితే శబ్దం ఉన్నదీ లేనిదీ, దాని లయా అతనికి తెలిశాయి. 1961లో అమెరికాలో విలియం హౌస్, 1970లలో ఆస్ట్రియాలో హోఖ్‌మయర్ దంపతులు, 1978లో ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ ఆ దారిని రహదారి చేశారు. అదే ఈనాటి కాక్లియర్ ఇంప్లాంట్. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పుట్టుచెవుడున్న పేద పిల్లలకు కూడా దాన్ని అందుబాటులోకి తెచ్చింది.

ఇంప్లాంటు గొప్ప పరికరం. అయినా దానిలో ఉండేవి సాధారణంగా పన్నెండు నుంచి ఇరవైరెండు ఎలక్ట్రోడ్లు. అవి మూడున్నర వేల కణాల పని చేయాలి. పైగా కర్ణావర్తం నిండా ఉప్పుద్రవం. అందులో వదిలిన విద్యుత్తు ఒకచోట నిలవదు, చుట్టూ పరుచుకుని పక్క నాడీకణాలను కూడా తట్టిలేపుతుంది. చీపురుతో ముగ్గు వేసినట్టు అన్నమాట. మాటలు తెలుస్తాయి, సంగీతం చెదిరిపోతుంది. ఈ ముగ్గు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇక కోడిపిల్ల కథ. 1980లలో అమెరికాలో ఎడ్విన్ రూబెల్ ప్రయోగశాలలో కోడిపిల్లలకు జెంటామైసిన్ మందు ఇచ్చి చూశారు. ఈ జాతి మందులు, మన క్షయరోగులకు ప్రాణం పోసిన స్ట్రెప్టోమైసిన్‌తో సహా, రోమకణాలను చంపగలవు. రోజులు గడిచేకొద్దీ నష్టం పెరగాలి, లేదా ఉన్నచోటే ఉండాలి. కాని రోజులు గడిచిన పిల్లల చెవుల్లో రోమకణాలు ఎక్కువగా లెక్కకొచ్చాయి. లెక్క తప్పిందా? అదే కాలంలో డగ్లస్ కొటాంచి పెద్ద మోత వినిపించిన కోడిపిల్లల చెవులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశాడు. దెబ్బతిన్న చోట పదిరోజులు తిరిగేసరికి లేతకణాలు తలెత్తుతున్నాయి. ఈ రెండు పరిశీలనలూ 1987లో అచ్చయ్యాయి.

లేతగా కనిపించినంత మాత్రాన కొత్తగా పుట్టినట్టేనా? గాయపడిన పాత కణమే తేరుకుని ఉండవచ్చు కదా. దీన్ని తేల్చడానికి రేడియోధార్మిక థైమిడిన్ ఉపయోగపడింది. కణం విభజన చెందేటప్పుడు కొత్త డి.ఎన్.ఎ. తయారుచేసుకుంటుంది, అప్పుడు మాత్రమే థైమిడిన్‌ను లోపలికి తీసుకుంటుంది. కాబట్టి రోమకణంలో ఆ గుర్తు కనిపిస్తే అది కొత్తగా పుట్టిందే. 1988లో జెఫ్రీ కార్విన్, కొటాంచి కోడిపిల్లల్లోనూ, బ్రెండా రయాల్స్, రూబెల్ పెద్ద కంజుపిట్టల్లోనూ ఆ గుర్తును చూపించారు. రెండు వ్యాసాలూ 'సైన్స్' పత్రికలో ఒకే సంచికలో వచ్చాయి. అంతకుముందే కార్విన్, సొరచేపల చెవుల్లో జీవితమంతా రోమకణాలు పుడుతూనే ఉంటాయని చూపించాడు. అయితే చేప సంగతి వేరని లోకం సరిపెట్టుకుంది. పక్షి మనలాగే వెచ్చని నెత్తురున్న ప్రాణి. అందుకే ఈసారి గగ్గోలు పుట్టింది.

ఇక్కడ అనువాదకుడిగా ఒక మాట. పిల్లల్ని కనడం ప్రత్యుత్పత్తి, పోయిన భాగాన్ని తిరిగి పెంచుకోవడం పునరుత్పత్తి. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకునేవారు చాలామందే. బల్లి తోక పెంచుకోవడం పునరుత్పత్తి. కోడిపిల్ల చెవిలో జరిగింది కూడా అదే.

కొత్త రోమకణం ఎక్కణ్ణుంచి వస్తుంది? రోమకణాల చుట్టూ దిమ్మెలు పేర్చినట్టు ఆధారకణాలు ఉంటాయి. పక్షిలో రోమకణం చావగానే పక్కనున్న ఆధారకణం విభజన చెందుతుంది, లేదా నేరుగా తానే వేషం మార్చుకుని రోమకణం అవుతుంది. మనకూ ఆధారకణాలు ఉన్నాయి. కాని అవి ఆ పని మానేశాయి. ఎందుకు? 1999లో వచ్చిన రెండు ఫలితాలు కలిపి చదివితే కొంత బోధపడుతుంది. ఒకటి, కణవిభజనకు బ్రేకులాంటి పి27 అనే ప్రోటీను లేకుండా పుట్టించిన ఎలుకల చెవుల్లో కణాలు ఆగకుండా పెరిగాయి. మంచిదేగా అనుకుంటున్నారా? ఆ ఎలుకలకు చెవుడు వచ్చింది! వినడానికి కణాలుంటే చాలదు, వరుస తప్పకుండా ఉండాలి. మన వినికిడి అంత సున్నితంగా ఉండటానికి కారణమైన ఆ కచ్చితమైన అమరికే బహుశా పునరుత్పత్తికి అడ్డుగా నిలిచింది. ఇది నా ఊహ మాత్రమే కాదు, ఈ రంగంలో చాలామంది అభిప్రాయం. రెండోది, హుదా జోగ్‌బీ ప్రయోగశాలలో ఎటో1 అనే జన్యువు తీసేసిన ఎలుకపిల్లల్లో రోమకణాలు అసలు ఏర్పడలేదు. అంటే ఆధారకణాన్ని రోమకణంగా మార్చే మీట దొరికినట్టే.

ఆ మీట నొక్కడానికి పోటీ మొదలైంది. 2005లో యెహోష్ రఫాయెల్ బృందం చెవుడు తెప్పించిన గినీపందుల చెవుల్లోకి వైరసు ద్వారా ఎటో1 జన్యువును పంపి, కొత్త రోమకణాలనూ కొంత వినికిడినీ సాధించింది. 2013లో హార్వర్డ్‌కు చెందిన ఆల్బర్ట్ ఎడ్జ్ బృందం, పొరుగు కణాన్ని రోమకణం కానీయకుండా ఆపే నాచ్ అనే సంకేతానికి అడ్డుకట్ట వేసే మందుతో, మోతవల్ల చెవుడొచ్చిన ఎలుకల్లో కొంత మెరుగుదల చూపింది. పత్రికలన్నీ చెవుడుకు మందు వచ్చేసిందన్నంత సంబరంగా రాశాయి.

మనుషుల మీద పరీక్షల్లో ఏమైంది? ఎటో1 జన్యువుతో 2014లో మొదలైన పరీక్షలో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. నాచ్‌ను అడ్డుకునే మందుతో యూరపులో జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో అచ్చయ్యాయి, మొత్తం మీద వినికిడి మెరుగుపడలేదు. ఆధారకణాలను నిద్రలేపుతామంటూ ఒక అమెరికా కంపెనీ తయారుచేసిన ఎఫ్‌ఎక్స్-322 అనే మందు మొదటి చిన్న పరీక్షలో ఆశపెట్టింది. 2023 ఫిబ్రవరిలో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. అసలు మందుకూ ఉత్త మందుకూ తేడా లేదు. కంపెనీ ఆ పని వదిలేసింది. థామస్ బార్ తపాలా బంట్రోతులను ఎందుకు నిలబెట్టాడో ఇక్కడ తెలుస్తుంది. పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఆశే ఫలితంగా కనిపిస్తుంది.

ఒక్క చోట మాత్రం నిజమైన విజయం దక్కింది. కొందరు పిల్లలు రోమకణాలన్నీ సరిగ్గా ఉండి కూడా చెవుడుతో పుడతారు. రోమకణం తన సందేశాన్ని నాడికి అందించడానికి ఒటోఫెర్లిన్ అనే ప్రోటీను కావాలి. దాని జన్యువు చెడితే తపాలా వస్తుంది కాని బట్వాడా కాదు. 1999లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్టీన్ పెటి బృందం ఈ జన్యువును గుర్తించింది. అది మామూలుగా వాడే వైరసులో పట్టనంత పొడుగు. అందుకని రెండు ముక్కలు చేసి రెండు వైరసుల్లో పంపితే, కణం లోపల అతుక్కునేలా ఏర్పాటు చేశారు. షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆరుగురు పిల్లలకు ఒక్కో చెవిలో ఈ చికిత్స చేస్తే అయిదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో 'లాన్సెట్' ప్రకటించింది. కాని జాగ్రత్తగా చూడండి. ఇక్కడ చచ్చిన కణం ఏదీ తిరిగి పుట్టలేదు, బతికున్న కణానికి లేని పనిముట్టు అందింది, అంతే. పుట్టుచెవుడు కేసుల్లో ఈ రకం కొద్ది శాతమే. మన దేశంలో ఎక్కువగా కనిపించేది కనెక్సిన్ 26 అనే మరో ప్రోటీనుకు చెందిన జన్యులోపం. ఇలాంటి లోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే బయటపడతాయి. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు కాంతి దగ్గరికి వద్దాం. 'కాంతితో చెవుడు నయం' అన్న మాట మీరు ప్రకటనల్లో చూసే ఉంటారు. ఆ మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సంగతులు దాగి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే పింఛను డబ్బులు పోతాయి.

మొదటిది పాతది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు, వెంట్రుకలు గొరిగిన ఎలుకల మీద బలహీనమైన లేజరు కాంతి వేస్తే ఆ చోట వెంట్రుకలు త్వరగా పెరగడం గమనించాడు. ఎర్రకాంతి, దానికి ఆనుకుని ఉన్న పరారుణ కాంతి కణాల్లోని మైటోకాండ్రియాలను ఉత్తేజపరుస్తాయని తర్వాత ప్రతిపాదించారు. కొరియాలోని డాంకూక్ విశ్వవిద్యాలయం వారు పెద్ద మోత వినిపించిన వెంటనే ఎలుకల చెవుల్లోకి 830 నానోమీటర్ల కాంతిని రోజుల తరబడి పంపితే, ఎక్కువ రోమకణాలు బతికి బయటపడ్డాయి. ఈ ఫలితాన్ని కొట్టిపారేయనవసరం లేదు. కాని అది గాయం తగిలిన కొత్తల్లో, చావుబతుకుల్లో ఉన్న కణాన్ని నిలబెట్టడం. ముప్పయ్యేళ్ల క్రితం పోయిన కణానికి కాంతి చూపించి ఏం లాభం? పైగా మనిషి లోపలి చెవి కణతల వెనుక, శరీరంలోకెల్లా గట్టి ఎముకలో పాతుకుని ఉంటుంది. చెవి రంధ్రంలో పెట్టిన చిన్న దీపం నుంచి అక్కడికి చేరేది అతిస్వల్పం. చెవిలో హోరుకు లేజరు చికిత్స అంటూ యూరపులో కొన్నాళ్లు బాగా సాగింది. ఉత్త దీపంతో పోల్చి చూసిన పరీక్షల్లో చాలావాటిలో తేడా కనిపించలేదు.

రెండో కథ నాకు ఎంతో ఇష్టమైనది. దీని మొదలు 1880లో ఉంది. టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ బధిరుల ఉపాధ్యాయుడు. ఆయన తల్లికీ భార్యకూ కూడా చెవుడు. ఆ సంవత్సరం ఆయనా టెయింటరూ కలిసి ఫోటోఫోను తయారుచేశారు. మాట్లాడితే అదిరే పల్చని అద్దం మీద సూర్యకాంతి పడనిచ్చి, ఆ అదిరే కాంతిని దూరంగా పట్టుకుని తిరిగి మాటగా మార్చే యంత్రం అది. ఆ ప్రయోగాల్లోనే ఒక వింత కనబడింది. ఎండను వేగంగా ఆపుతూ వదులుతూ పల్చని రబ్బరు బిళ్ల మీద వేస్తే, ఏ తీగా లేకుండానే ఆ బిళ్ల మోగుతోంది! దీపపు మసి అయితే మరీ బాగా మోగింది. కాంతి పడ్డప్పుడు వేడెక్కి వ్యాకోచించడం, ఆగినప్పుడు ముడుచుకోవడం, అదే శబ్దం.

ఇక నూట పాతికేళ్లు దాటి రండి. 2005లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు పరారుణ లేజరు తళుకులతో నాడిని కదిలించవచ్చని చూపారు. మరుసటి ఏడాది నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో క్లాస్-పీటర్ రిక్టర్ బృందం అదే లేజరును జెర్బిల్ అనే ఎలుకజాతి జీవుల కర్ణావర్తంలో వేస్తే శ్రవణనాడి స్పందించింది. చీపురు ముగ్గు గుర్తుందా? విద్యుత్తులా కాంతి పరుచుకోదు, సూదిమొనలా ఒక్కచోట నిలపవచ్చు. సన్నని ముగ్గు వేయవచ్చు. అందుకే అంత ఉత్సాహం. కాని 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు రోమకణాలు పూర్తిగా చచ్చిన గినీపందుల చెవుల్లో అదే కాంతిని వేసి చూశారు. నాడి పలకలేదు. మరి వినికిడి ఉన్న జంతువుల్లో ఎందుకు పలికింది? ద్రవం మీద లేజరు తళుకు పడగానే అది వేడెక్కి చిన్న శబ్దం పుట్టింది, ఉన్న రోమకణాలు ఆ శబ్దాన్ని విన్నాయి. బెల్ చూసిన రబ్బరు బిళ్ల వింతే అది! రిక్టర్ బృందం ఈ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు కాని, వినేవారికి వినిపించే పరికరం చెవిటివారికి ఎందుకు అన్న ప్రశ్న నిలిచిపోయింది.

మూడోది ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో మీరు చదివిన క్లామిడోమొనాస్ నుంచి వచ్చింది. చెరువు నీటిలో ఉండే ఏకకణ ఆకుపచ్చ శైవలం, కంటిచుక్కతో వెలుతురు వైపు ఈదుతుందని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం కదా, అదే. దానిలోని ఒక ప్రోటీను కాంతి పడగానే తలుపు తెరిచి అయాన్లను లోపలికి వదులుతుంది. 2003లో జర్మనీలో గేయార్గ్ నాగెల్, పీటర్ హెగెమాన్ మొదలైనవారు ఇలాంటి ప్రోటీనును వేరే జీవకణాల్లో పెట్టి పనిచేయించారు. నాడీకణంలో ఈ జన్యువును ప్రవేశపెడితే ఆ కణం కాంతికి స్పందిస్తుంది. గొటింగెన్ నగరంలో టోబియాస్ మోసర్ బృందం 2014లో ఎలుకల శ్రవణనాడీకణాలను ఈ విధంగా కాంతితో పలికించింది. 2018లో జెర్బిల్‌లకు నేర్పి చూశారు. కర్ణావర్తంలో కాంతి మెరవగానే అవి అవతలి గదిలోకి దూకాలి. మందుతో చెవుడు తెప్పించిన జెర్బిల్‌లు కూడా మెరుపును శబ్దంలా గుర్తుపట్టి దూకాయి. ఇక్కడ బెల్ వింతకు తావులేదు, ఎందుకంటే వినే రోమకణాలు వాటికి లేవు.

ఆ తర్వాత ఆ బృందం సన్నని ఎల్.ఇ.డి. దీపాల బారును కర్ణావర్తంలో అమర్చే పనిలో పడింది. చిక్కులు లేకపోలేదు. ఆ ప్రోటీను తలుపు మూసుకోవడానికి కొంత సమయం పడుతుంది, చెవి నాడి మాత్రం సెకనుకు వందలసార్లు పలకాలి. అందుకని వేగంగా మూసుకునే రకాలను తయారుచేస్తున్నారు. దీపాలు వేడెక్కకూడదు. విద్యుత్తు ఎక్కువ కాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మనిషి నాడీకణాల్లోకి ఒక శైవలపు జన్యువును ఎప్పటికీ ఉండేలా పంపిస్తున్నాం. కంటి విషయంలో ఆ సాహసం 2021లో జరిగింది, చూపు పోయిన ఒక వ్యక్తి ముందున్న వస్తువులను కొంతవరకు గుర్తుపట్టగలిగాడు.

ఈ మూడో దారికి ఒక షరతు ఉంది. రోమకణాలు పోయినా నాడి బతికి ఉండాలి. 2009లో కుజావా, లిబర్‌మన్ ఎలుకల మీద చేసిన పరిశోధన ఇక్కడ కలవరపెడుతుంది. పెద్ద మోత విన్న ఎలుకల వినికిడి కొద్ది రోజులకు పూర్తిగా మామూలైంది, రోమకణాలూ పోలేదు. కాని వాటికీ నాడికీ మధ్యనున్న అతుకులు దాదాపు సగం తెగిపోయాయి. ఆ తర్వాత నెలల మీద నాడీకణాలు కూడా మెల్లగా రాలిపోయాయి. పెళ్లి ఊరేగింపులో డీజే పక్కన నడిచి వచ్చిన రాత్రి చెవి గింగురుమని, తెల్లారేసరికి తగ్గిపోతుంది చూడండి, అప్పుడు ఏమీ కాలేదని అనుకోవడానికి వీల్లేదన్నమాట.

మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, మోత వల్ల వచ్చే చెవుడును ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లు హద్దుగా ఉండేది. భారతదేశంలో బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్లు 1995లో ఆగిపోయాయి, బాయిలర్లలో కూర్చున్న తరం దాదాపు వెళ్లిపోయింది. గ్రైండర్లు, గాలి సుత్తులు, డీజిల్ ఇంజన్లతో పనిచేసిన తరం ఇప్పుడు పింఛను తీసుకుంటోంది. తాల్‌బగీచాలోనో, మరెక్కడైనానో అలాంటివారు మీ ఇంట్లో ఉంటే, లేజరు పెట్టె కొనబోయే ముందు ఒక ఆడియోగ్రాం తీయించండి. అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు కలకత్తాలో ఒక కేంద్రం, సికిందరాబాదులో ఒక కేంద్రం ఉన్నాయి. కాగితం మీద గీత 4000 దగ్గర గోతిలో దిగి, 8000 దగ్గర కాస్త పైకి లేస్తే అది చాలావరకు మోత వేసిన ముద్రే. ఆ గోతిని చూసి సరిదిద్దిన వినికిడి యంత్రం అక్కడి పౌనఃపున్యాలనే పెంచి ఇస్తుంది. అప్పుడు ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, కాస్త నెమ్మదిగా మాట్లాడితే చాలు, అరవనక్కర్లేదు.